పింఛను ఏ రోజున, ఎవరి చేతికి?

పింఛను ఎంతన్నది ఎన్నికల సమస్య అవుతుంది. అది ఏ రోజున, ఎవరి చేతికి అందుతుందన్నది అధికారుల సర్దుబాటుగానే మిగిలిపోతుంది.

2024 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో, ఎన్నికల నియమావళి వల్ల వాలంటీర్లను తప్పించినప్పుడు, ఎక్కువమంది పింఛను బ్యాంకు ఖాతాల్లో వేశారు. మంచాన ఉన్నవారికి ఇంటికే తెచ్చిచ్చారు. తక్కినవాళ్లు ఎండలో బ్యాంకు దారి పట్టారు. పాస్‌బుక్కు కొడుకు దగ్గర, కార్డు అల్లుడి దగ్గర ఉన్న వితంతువుకు 'ఖాతాలో పడింది' అంటే చేతికొచ్చినట్టేనా? జూలై 1 నుంచి సచివాలయ ఉద్యోగులు ఇంటికొచ్చి 4000 రూపాయలు ఇవ్వడం మొదలైంది. మంచిదే. అయితే బీడీలు చుట్టి అరిగిన వేళ్లు యంత్రానికి ఆనకపోతే, తానే తానని ఆమె ఇంకోవిధంగా రుజువు చేసుకోవాలి. (వృద్ధాప్య పింఛనుకు కేంద్రం 1995లో ఇచ్చింది 75 రూపాయలు, 2006లో 200. ఎనభై నిండనివారికి ఆ పైన పెంచనే లేదు.)

పింఛను దయాధర్మం కాదు, హక్కు అని సుప్రీంకోర్టు 1982లో నకారా కేసులో చెప్పింది. అది రిటైరైన ప్రభుత్వోద్యోగుల గురించి. పొలంలోనూ ఇంట్లోనూ జీవితమంతా చాకిరీ చేసిన స్త్రీకిచ్చేది ఇప్పటికీ ఉత్తర్వులతో నడిచే పథకమే. చెల్లించే తేదీని, తప్పితే బకాయిని, ఫిర్యాదు వినే అధికారిని చట్టంలో రాయమని మనం అడగాలి.