గడువు తేదీ లేని భయం

1992 అక్టోబరు 28 అర్ధరాత్రి దక్షిణ కొరియాలో వేలమంది ప్రార్థనా మందిరాల్లో కూర్చుని, ఆకాశంలోకి ఎత్తబడే క్షణం కోసం ఎదురుచూశారు. దామీ మిషన్ నాయకుడు లీ జాంగ్‌రిమ్ పెట్టిన ముహూర్తం అది. ఉద్యోగాలు మానుకున్నవాళ్లు, ఆస్తులు సంఘానికి ధారపోసినవాళ్లు వాళ్లలో ఉన్నారు. లీ మాత్రం అంతకు నెల ముందే మోసం కేసులో అరెస్టయ్యాడు. ఆయన దగ్గర దొరికిన బాండ్ల గడువు, ఆయన చెప్పిన తేదీ దాటిన తరువాత గానీ తీరదు!

ఇలాంటివాళ్లను చూసి మన పాస్టర్లు కూడా నవ్వుతారు. ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని మత్తయి సువార్త 24వ అధ్యాయంలో ఉందిగా, తేదీ చెప్పేవాడు అబద్ధ ప్రవక్త అంటారు. తాము తేదీ చెప్పరు. ‘క్రీస్తు రాకడ అతి సమీపం, ఈ రాత్రే కావచ్చు’ అని ఊరుకుంటారు. నా ఫిర్యాదంతా వీళ్ల మీదే. తేదీ చెప్పినవాడు కనీసం పరీక్షకు కూర్చున్నాడు.

విలియం మిల్లర్ సంగతి చూడండి. న్యూయార్క్ రాష్ట్రంలో రైతు. దానియేలు గ్రంథంలోని 2300 దినాలను సంవత్సరాలుగా తీసుకుని, క్రీ.పూ. 457 నుంచి లెక్కకట్టి, క్రీస్తు రాకడ 1843-44లో అని తేల్చాడు. ఆయన ఉద్యమంలోనివాళ్లు దాన్ని 1844 అక్టోబరు 22గా ఖాయం చేశారు. ఇక కోతలెందుకని పంటను పొలంలోనే వదిలేసిన రైతులున్నారు. 23న ఎప్పటిలాగే తెల్లవారింది. మిల్లర్ లెక్క తప్పిందని ఒప్పుకున్నాడు. విశ్వాసం వదల్లేదు, అది వేరే మాట. అనుచరుల్లో కొందరు మాత్రం తేదీ సరైనదేననీ, జరగాల్సింది పరలోకంలోని ఆలయంలో జరిగిపోయిందనీ, మన కంటికి కనపడదనీ తేల్చారు. ఆ కొందరిలోంచే 1863లో సెవెన్త్ డే అడ్వెంటిస్టు సంఘం ఏర్పడింది. 2011లో ఫ్యామిలీ రేడియో ప్రసంగికుడు హెరాల్డ్ క్యాంపింగ్ కూడా ఇదే దారి పట్టాడు. మే 21 తప్పిపోగానే, తీర్పు ఆత్మసంబంధంగా వచ్చిందన్నాడు, అసలు అంతం అక్టోబరు 21న అన్నాడు. అదీ తప్పాక, 2012లో, తేదీ చెప్పడమే పాపమని ఒప్పుకున్నాడు. ఆలస్యంగానైనా ఒప్పుకున్నాడు, ఎందుకంటే తప్పని తేల్చే రోజు ఒకటి ఆయనకు ఎదురైంది.

ఆ రోజే లేకుండా చేసిన తెలివి జాన్ నెల్సన్ డార్బీది. ఐర్లండ్‌లో చర్చి ఉద్యోగం వదిలి, ప్లిమత్ బ్రదరెన్ ఉద్యమంలో ముఖ్యుడైన ఈయన 1830ల నుంచి ఒక పథకం బోధించాడు. దానియేలు చెప్పిన 70 వారాల్లో 69 క్రీస్తుతో ముగిశాయి, అక్కడ దేవుని గడియారం ఆగింది. సంఘం ఎత్తబడ్డాక అది మళ్లీ కదులుతుంది, మిగిలిన ఒక్క వారం ఏడేళ్ల శ్రమల కాలం. ఎత్తబడటానికి ముందు ఏ సూచనా జరగనక్కర్లేదు. గడియారమే ఆగిపోయాక ఇక లెక్క వేయడానికేముంది? జరగకపోయినా తప్పిందనడానికి ఆధారమూ ఉండదు. క్రైస్తవం పుట్టిన 1800 ఏళ్లకు రూపు దిద్దుకున్న ఈ వరసను కాథలిక్కులూ, ఆర్థడాక్స్ సంఘాలూ ఒప్పుకోవు. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిల్ దీన్ని వాక్యాల కిందే వ్యాఖ్యగా అచ్చువేసింది. అడుగున ఉన్న వ్యాఖ్య చాలామంది పాఠకుల బుర్రలో పైనున్న వాక్యంతో కలిసిపోయింది.

బ్రదరెన్ మనకూ పాతవాళ్లే. 1836లోనే ఇండియాకు వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ గోదావరి డెల్టాలో పనిచేశారు. డార్బీ పథకమంతా వాళ్లే మోసుకొచ్చారని నేననను. ఎలా వచ్చినా, సంఘం ఎత్తబడుట, మహాశ్రమలు, క్రీస్తు విరోధి, వెయ్యేళ్ల పాలన అనే ఆ వరస ఇవాళ తెలుగు ఉజ్జీవ సభల్లో సృష్టి నాటి నుంచీ ఉన్నట్టే వినపడుతుంది.

పౌలు థెస్సలొనీకయులకు రాసినప్పుడు, రాకడ నాటికి బతికి ఉండే ‘మనము’ అన్నాడు. తన తరమే చూస్తుందనుకున్నాడు. ఆయన పోయి దాదాపు 1950 ఏళ్లయింది. ‘సమీపం’ మాత్రం ఇంకా సమీపంలోనే ఉంది. (1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమికి భయపడి దేశమంతా యజ్ఞాలు చేసినవాళ్లం మనం. ప్రళయమేమీ రాలేదు, నాలుగు రోజులకు మరిచిపోయాం. దానికీ తేదీ ఉండటం మన అదృష్టం.)

తేదీ లేని భయానికి సెలవుండదు. 1972లో అమెరికాలో ‘ఎ థీఫ్ ఇన్ ద నైట్’ అనే సినిమా తీశారు. అందులో భార్య నిద్రలేచేసరికి భర్త ఉండడు, ఆయన గడ్డం గీసుకునే మిషన్ మోగుతూ ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి చర్చిల్లో పిల్లలకు చూపించారు. బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో అమ్మ కనపడకపోతే, అందరూ ఎత్తబడి తానొక్కడే మిగిలిపోయానని వణికిపోయిన బాల్యాలు పెద్దయ్యాక నోరు విప్పాయి. ఆ అమ్మ పక్కింటికి వెళ్లి ఉంటుంది, అంతే.

ఇక ఉగ్రత. ప్రకటన గ్రంథం 6వ అధ్యాయంలో నాలుగో ముద్ర విప్పగానే భూమిలో నాలుగో వంతు మీద చంపే అధికారం ఇస్తారు. నేటి జనాభాకు అది 200 కోట్లు. 9వ అధ్యాయంలో ఆరో బూర ఊదాక మనుషుల్లో మూడో వంతు చస్తారు. మిగిలిన 600 కోట్లలో మరో 200 కోట్లు. ఏడు ఉగ్రత పాత్రల కుమ్మరింపు ఇంకా మొదలే కాలేదు. పండితుల వాదన ఈ శవాల గురించి కాదు, సంఘం ఏ ఘట్టానికి ముందు తప్పుకుంటుందన్న దాని గురించి. ముద్రలు విప్పేది గొర్రెపిల్ల, అంటే క్రీస్తే కాబట్టి మొదటి నుంచీ అంతా దేవుని ఉగ్రతే, మనం ముందే వెళ్లిపోతామని ఒక పక్షం. 1990లో మార్విన్ రోసెంతాల్ రాసిన పుస్తకం ప్రకారం మొదటి ముద్రల నాటి చావులు క్రీస్తు విరోధి ఖాతాలోవి, దేవుని ఉగ్రత ఏడో ముద్రతో గానీ మొదలవదు, ఎత్తబడేది దానికి ముందు. శ్రమలు సగమయ్యాక అనేవాళ్లున్నారు, పూర్తయ్యాక అనేవాళ్లూ ఉన్నారు. శ్రమలన్నీ మేమూ పడతామని ధైర్యంగా చెప్పే ఆఖరి పక్షం కూడా ఉగ్రత దగ్గరికి వచ్చేసరికి పక్కకు జరుగుతుంది. దేవుడు మనల్ని ఉగ్రతకు నియమించలేదన్న పౌలు మాటను నాలుగు పక్షాలూ చూపిస్తాయి.

మరి నియమించింది ఎవరిని? అప్పటికి నమ్మనివాళ్లను. అంటే పక్కింటి హిందువును, ఎదురింటి ముసల్మానును, బాప్తిస్మం తీసుకోనన్న సొంత అన్నను. 200 కోట్ల చావులు ఎవరి ఖాతాలో రాయాలో ఇన్ని పుస్తకాలు రాసినవాళ్లు, ఒక్క మనిషిని అలా చంపడం న్యాయమేనా అన్న చోట మాత్రం దేవుడు సార్వభౌముడనే ఒక్క మాటతో పుస్తకం మూసేస్తారు.