గృహవనము: సజీవశిలల పెంపకము



ఈ మాసమున వచ్చిన ఉత్తరములలో తార్నాకనుండి ఒక చెల్లెలు వ్రాసినదానికి ముందుగా సమాధానము చెప్పవలసియున్నది. ఆమె కాపురము మూడవ అంతస్తున. తీగలు ప్రాకించుటకు తావు లేక, కిటికీగూటిలో నిముడునని, "సజీవశిలలు" అను పేరుగల మొక్కలు నాలుగు కొని, తులసికి పోసినట్లే ప్రతిదినము నీరు పోసినదట. వానకాలము ముగియకముందే మూడు కుళ్లిపోయినవి. "నీ చేతివాసి మంచిది కాదు" అని యింటి పెద్దలు అనుట మాత్రమే గాక, మఱది పెండ్లిలో పాలికలలో నవధాన్యములు చల్లుటకు ఈమెను పిలువలేదట. "నా చేతిలో నిజముగా దోషమున్నదా?" అని ఆమె ప్రశ్న.

చెల్లెలా, దోషము నీ చేతిలో లేదు. నీ చెంబులోని నీటిలో నున్నది. క్రొత్తకోడలు గడపలో అడుగు పెట్టగనే, పుట్టినింట ఏమి తినెడిదో అడిగి తెలిసికొను అత్తగారు గలరు. అడుగక తమ యలవాటునే రుద్దువారును గలరు. మొక్కల విషయమున మనము మొదటి అత్తగారివలె నుండవలయును. కావున ముందుగా ఈ కోడలి పుట్టినింటి సంగతి చెప్పెదను.

ఈ మొక్కల శాస్త్రీయనామము లిథాప్స్. గ్రీకుభాషలో రాయి, ముఖము అను రెండు మాటలు కలిసి ఆ పేరైనది. దక్షిణాఫ్రికా, నమీబియా దేశముల మెట్టభూములు వీని జన్మస్థానము. 1811వ సంవత్సరమున విలియం బర్చెల్ అను ఆంగ్లేయ యాత్రికుడు ప్రీస్కా అను ఊరి ప్రాంతమున వింతయైన గులకరాయి యనుకొని యొకదానిని చేతికి తీసికొని, అది మొక్కయని తెలిసికొనెను. 1922లో ఎన్. ఇ. బ్రౌన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు వీనిని ప్రత్యేకజాతిగా నేర్పఱచి ఈ పేరు పెట్టెను. అహల్య శాపముచేత శిలయైనదని చెప్పుకొందుము. ఈ మొక్క ప్రాణరక్షణకై తానే రాయివేషము దాల్చినది. నీరు కఱవైన నేలపై పచ్చగా కనబడిన ఆకును మృగములు విడువవు. గులకరాళ్ల నడుమ బూడిదవన్నెతోనో గోధుమవన్నెతోనో అణగియున్న దీనిని కనిపెట్టుట కష్టము. మావారు పాఠశాలలో పిల్లలకు చూపుటకై ఒక కుండీని తీసికొనిపోయినప్పుడు, ఏది రాయి, ఏది మొక్క యని వ్రేలితో తాకి చూచినగాని పిల్లలు చెప్పలేకపోయిరట.

దీని శరీరనిర్మాణము తెలిసినచో పోషణ సులభము. జతగా రెండే ఆకులు, నడుమ ఒక చీలిక. పుట్టినచోట ఆకుల పైభాగము మాత్రమే నేలపై కనబడును. తక్కినదంతయు మట్టిలో దాగియుండును. ఆ పైభాగము అద్దమువలె వెలుతురును లోనికి పంపగా, లోపలనున్న పచ్చనిపొర దానిని గ్రహించును. పెంకుటింటి కప్పులో నమర్చిన గాజుపెంకు చీకటిగదిలోనికి వెలుతురు దింపునట్లే యనుకొనుడు. పగటి యెండలో ఆకులపైని సూక్ష్మరంధ్రములను మూసికొని, రాత్రి చల్లబడినపిమ్మట తెఱచి గాలి పీల్చుకొనును. అందుచే లోని తడి ఆవిరియై పోదు. ఇంత పొదుపరియైన గృహిణికి దినదినము చెంబెడు నీరు పోసినచో, దాచుకొనుటకు చోటులేక ఆకులు ఉబ్బి పగులును, వేళ్లు కుళ్లును. దీని దూరపు చుట్టమొకటి మన పెరళ్లలోనే యున్నది. వానలు పడగనే మొలచు తెల్లగలిజేరు ఈ కుటుంబములోనిదే. అది వానను నమ్ముకొని మొలచునది. ఇది వాన రాదని యెఱిగి బ్రదుకునది.

మా గోల్నాకనుండి ఆడిక్‌మెట్ మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలోనికి పోవునప్పుడు గ్రానైటు బండలు కానవచ్చును. 1939లో ప్రారంభింపబడిన ఆర్ట్స్ కళాశాల సౌధము గ్రానైటు కట్టడమే. ఈ ప్రాంతపు రాతికి సుమారు 250 కోట్ల ఏండ్ల వయస్సు. ఇంతటి రాతినేలలో రాతిమొక్కకు కొఱతయేమి యని తోచవచ్చును. నేల సరిపోవును, ఋతువులు సరిపోవు. దాని పుట్టినింట కొన్నిచోట్ల ఏడాదికి 100 మిల్లీమీటర్ల వానయైనను కురియదు. హైదరాబాదున సుమారు 800 మిల్లీమీటర్లు కురియును. అందధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు వఱకే. కావున మన యూర దీనిని ఇంటిలో నుంచుట అందముకొఱకే గాదు, వాననుండి కాపాడుటకు కూడ.

కుండీ, మట్టి: వేరు నిలువుగా దిగునది కావున కుండీ 4 అంగుళములకు తక్కువ లోతు గాకుండవలయును. మట్టికుండీ మేలు, అడుగున రంధ్రము తప్పనిసరి. రంధ్రములేని పింగాణీ గిన్నెలు చూచుటకు ముచ్చటగా నున్నను, ఈ మొక్కకు చెఱువులే. ఇంటిపనులకు తెచ్చు మొరమును జల్లించి, మెత్తని పొడిని పాఱవేసి, మిగిలిన పలుకులు మూడుపాళ్లు, ఎఱ్ఱమట్టి ఒక పాలు కలుపుడు. పేడయెరువు వలదు; బలము ఎక్కువైనచో మొక్క ఉబ్బి రూపుచెడును. పైన చిన్న గులకరాళ్లు పఱచినచో ఆకుల మొదలు పొడిగా నుండును.

వెలుతురు: తూర్పుకిటికీ శ్రేష్ఠము. దినమునకు నాలుగైదు గంటల యెండ తగులవలయును. నీడగదిలో నుంచినచో వెలుతురుకై మెడచాచి పొడుగై, బలహీనపడును. చలికాలమున దక్షిణపుకిటికీలోనికి ఎండ వచ్చును గనుక అచ్చటికి మార్చవచ్చును. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నపుటెండ గాజుకిటికీ వెనుక మఱింత తీక్ష్ణమగును. అప్పుడు పలుచని తెల్లబట్ట అడ్డము కట్టుడు. నీడలోనుండి ఒక్కసారిగా ఎండలోనికి తెచ్చినను ఆకులు మాడి మచ్చలు పడును. వారము పదిదినములలో కొంచెము కొంచెముగా అలవాటు చేయవలయును.

నీరు: అడుగనిదే అమ్మయైనను పెట్టదను సామెత గలదు. ఈ మొక్కకు ఆ సామెతయే శాస్త్రము. పెరుగుదల కాలమున ఆకుల ప్రక్కలు ముడుతలుపడి, వ్రేలితో నొక్కిన మెత్తగా తోచినప్పుడు అది అడిగినట్లు లెక్క. సెప్టెంబరు చివరనుండి నవంబరు వఱకు, మట్టి అడుగువఱకు ఎండినదని చూచుకొని, రెండు వారములకొకసారి నిండుగా తడిపి, మిగిలిన నీటిని క్రిందికి జాఱనిండు. దినమునకొక చుక్క పోయుటకంటె ఎన్నడో ఒకసారి నిండుగ పోయుట మేలు. మూడేండ్లు నిండిన మొక్కలు ఈ శరత్కాలముననే చీలికనుండి తెల్లనిదో పసుపుపచ్చనిదో పువ్వునిచ్చును. అది మధ్యాహ్నము దాటినపిమ్మట విచ్చి, ప్రొద్దుగ్రుంకువేళకు ముడుచుకొనును. డిసెంబరు రాగానే నీరు పూర్తిగా మానవలయును. వేసవిలో మొక్క నిద్రించును. మిక్కిలి ముడుతలు పడినచో సాయంకాలమున కుండీ అంచువెంట రెండుమూడు చెంచాలు చాలును. వానకాలమున గాలిలోనే తడియున్నది గనుక చేయి కట్టుకొని యుండుటయే సేవ. గాలియాడుచోట నుంచిన అదియే పదివేలు.

చలికాలమున నీరేల మానవలయునో చెప్పెదను. తఱచు పొరపాటు జరుగునది ఇచ్చటనే. ఆ కాలమున చీలికలోనుండి క్రొత్త ఆకులజత తొంగిచూచును. పాత ఆకులు తమలోని నీటిని, సారమును క్రొత్తవానికిచ్చి, తాము ముడుతలుపడి, తుదకు కాగితపుపొరవలె ఎండిపోవును. ఈ ముడుత దాహముచేతది గాదు. అది చూచి జాలిపడి నీరు పోసినచో పాత ఆకులు మరల నిండి, తమ స్థానము విడువవు. లోపలి పసిఆకులు వాని నడుమ నలిగి చిక్కిపోవును. పాతజత పూర్తిగా ఎండువఱకు, ఫిబ్రవరియైనను మార్చియైనను సరే, ఆగవలయును. ఎండిన పొరను లాగకుడు. తనంత తానే వదలును.

తెగుళ్లు: ఆకుల సందున తెల్లని దూదివంటిది కనబడినచో అది పిండినల్లి. దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచిన పోవును. ఆకు పగిలినచో భయము లేదు. పొడిగా నుంచిన ఆ గాయము మానును. మొదట మెత్తబడి, నీరుకారినట్లు పారదర్శకమైనచో అది కుళ్లు. ఆ మొక్కను వెంటనే తక్కినవానినుండి వేఱుచేయుడు.

తార్నాక చెల్లెలి యింట మిగిలిన నాలుగవ మొక్క సంగతి. దానిని కుండీనుండి తీసి, నల్లబడిన వేళ్లను త్రుంచి, నీడలో నాలుగుదినములు ఆఱనిచ్చి, క్రొత్త మొరములో నాటి, మఱి పదిదినములు నీరు తలపెట్టకుడు. ఇక పెద్దలకు ఒక మనవి. పాలికలలో మొలక వచ్చుట విత్తనపు బలముచేత, మట్టి తడిచేత. చల్లిన చేతి యదృష్టముచేత గాదు. నీరు ఎక్కువై చచ్చిన మొక్క, ఆ పిల్ల దానిని ఎంత శ్రద్ధగా చూచినదో చెప్పుచున్నదేగాని ఆమె అమంగళమును చెప్పుటలేదు. ఒక కుండీ నెపముగా ఇంటి ఆడపడుచునో కోడలినో శుభకార్యమునుండి తొలగించుట, తెలియక చేసినను, తగని పని. నీరు పోయవలదని తెలిసిన పెద్ద ఒక్కరు ఆ యింట నుండినచో, మొక్కయు దక్కెడిది, మాటయు దక్కెడిది.

కొనువారికి రెండు మాటలు. అంతర్జాలమున నీలివన్నె, ముదురు గులాబివన్నె సజీవశిలల చిత్రములు చూపి విత్తనములమ్మువారు గలరు. అట్టి నీలివన్నెది ప్రకృతిలో లేదు. బూడిద, గోధుమ, ఎఱుపుచాయ, ఆకుపచ్చ కలిసిన మట్టివన్నెలే దీని సొగసు. విత్తనమునుండి నర్సరీలో పెంచిన మొక్కనే అడిగి కొనుడు. దక్షిణాఫ్రికాలో ఈ కుటుంబమునకే చెందిన కోనోఫైటములు మొదలైనవానిని దొంగలు అడవినుండి పెల్లగించి దేశాంతరములకు పంపుటచే, కొన్ని జాతులు పుట్టినచోటనే అరుదైపోవుచున్నవి. విత్తనముకొఱకు ఒక్కటి చాలదు. సాధారణముగా వేఱువేఱు విత్తనములనుండి పుట్టిన రెండుమొక్కలు ఒకేకాలమున పూచి, పుప్పొడి మాఱినగాని కాయ పట్టదు. ఆ కాయ ఎండలో మూసికొనియుండి, నీటిచుక్క పడగనే తెఱచుకొనును. వాన వచ్చిన దినముననే విత్తనములు చల్లవలయునను తెలివి దానికి పుట్టుకతో వచ్చినది.

వచ్చే మాసమున నల్లేరును కుండీలో పెంచు విధము, దానితో పచ్చడి చేయు విధము వ్రాసెదను.