కుంగిన కారు – టైలరు టేపు

మా గరాజులో ఒక కారు ఉంది. రాత్రి పెట్టినప్పుడు నాలుగు పక్కలా సమంగానే ఉండేది. తెల్లారి చెత్తడబ్బా బయట పెడదామని వెళితే, ముందు ఎడమ పక్క కిందికి దిగి, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడలా ఒక కాలు మడిచి కూర్చుని ఉండేది. స్టార్ట్ చేస్తే నిమిషంలో మెల్లగా లేచేది. "చూశావా, దానంతట అదే సర్దుకుంది" అనేవారు మావారు. దానంతట అది సర్దుకునేది ఈ లోకంలో ఏదీ లేదని ఇరవై ఏళ్లు ఇల్లు నడిపిన నాకు తెలుసు.

అది 2003 మోడల్ మెర్సిడెస్ సీఎల్ 500. కొత్తలో దాని ధర తొంభై వేల డాలర్ల పైమాట. మేముండే టెక్సాస్‌లో రెండేళ్ల కిందట మావారు దాన్ని ఆరు వేలకి కొన్నారు. "ఆరు వేలకి ఇలాంటి కారా!" అని ఆయన మురిసిపోయారు. "ఆరు వేలకి ఎందుకిస్తున్నాడో" అని నేను గొణుక్కున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఇద్దరం సగం సగం రైటే. పాత ఖరీదైన కారు కొనడం తప్పని నేననను. కానీ చూడకుండా, కొలవకుండా, ఊహ మీద దానికి డబ్బు పోయడం మాత్రం తప్పే.

నేను చదివింది బి.ఏ. తెలుగు. అయినా నాకు అర్థమైనంత చెబుతాను. ఈ కారులో యాక్టివ్ బాడీ కంట్రోల్ అని ఒక ఏర్పాటు ఉంది. 1999లో ఈ సీఎల్ మోడల్‌తోనే వచ్చింది. ఏబీసీ అంటారు. మామూలు కారులో చక్రానికో స్ప్రింగు, షాక్ అబ్జార్బరు ఉంటాయి. ఇందులో స్ప్రింగుతో పాటు ఒక హైడ్రాలిక్ సిలిండరు కూడా ఉంటుంది. ఇంజను బెల్టుతో తిరిగే పంపు ఆయిల్‌ని సుమారు 200 బార్ల ఒత్తిడితో తోస్తుంది. మలుపులో కారు ఏ పక్కకి ఒరగబోతోందో సెన్సర్లు పసిగడితే, కంప్యూటరు ఆ పక్క సిలిండర్లలోకి ఆయిల్ పంపి నిలబెడుతుంది. 200 బార్లంటే ఎంతో తెలియాలంటే ఒక పోలిక. టైర్లో మనం కొట్టించే గాలి రెండు బార్ల పైచిలుకు. ప్రెషర్ కుక్కరు విజిల్ వేసేది దాదాపు ఒక బారు దగ్గర.

ఇంకో మాట. అదే కాలం నాటి కొన్ని మెర్సిడెస్ కార్లలో ఎయిర్‌మాటిక్ అని గాలితో పనిచేసే సస్పెన్షను ఉండేది. కారు కుంగిందనగానే చాలామంది "గాలి లీకు" అనేస్తారు. మా కారులో గాలి సంచులు లేవు, ఉన్నదంతా ఆయిలే. మీ కారులో ఏది ఉందో తెలుసుకోవడం మొదటి పని.

మొదట మేం వెళ్లిన మెకానిక్ కారుని పది నిమిషాలు చూశాడు. నాలుగు స్ట్రట్లూ, పంపూ మార్చాలన్నాడు. తొమ్మిది వేల డాలర్లు! కారు ధరకి ఒకటిన్నర రెట్లు. మా అమ్మాయి కాలేజీలో చేరబోయే ఏడాది అది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం సరిగ్గా మాట్లాడుకోలేదు. ఆయనకి కారు మీద ప్రేమ, నాకు ఫీజు మీద భయం. మర్నాడు నేను అడిగింది ఒకటే: "ఏమండీ, నాలుగూ పాడయ్యాయని అతనికెలా తెలిసింది? కుంగుతున్నది ఒక్క మూలే కదా?" ఆయన దగ్గర జవాబు లేదు. ఆ మెకానిక్ దగ్గరా ఉండి ఉండదు.

అందుకే నా కుట్టుపెట్టెలోంచి టైలరు టేపు తీశాను. పాత నోటుబుక్కులో నాలుగు గళ్లు గీశాను. రోజూ రాత్రి కారు గరాజులో ఒకే చోట పెట్టి, ఇంజను ఆపాక, చక్రం నడిమధ్య నుంచి పైన ఫెండరు అంచు దాకా కొలిచేదాన్ని. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి తేడా కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. అందుకే చక్రం మధ్య నుంచి. పొద్దున్నే స్టార్ట్ చేయకముందు మళ్లీ అవే నాలుగు కొలతలు.

పది రోజుల్లో విషయం తేలింది. వెనక రెండూ, ముందు కుడిదీ కదిలితే గింజంత. ముందు ఎడమది మాత్రం రోజూ అంగుళంన్నర పైనే దిగుతోంది. కారు కింద శుభ్రమైన అట్ట పరిచి చూస్తే ఒక్క చుక్క లేదు. చక్రం లోపలి వైపూ తడి లేదు. మరి ఆ ఆయిల్ ఎక్కడికి పోతోంది? పొద్దున ఆయిల్ డబ్బాలో మట్టం రాత్రికంటే కాస్త పైకొచ్చి ఉండేది. అంటే బయటికి కారడం లేదు, వెనక్కి డబ్బాలోకే వెళుతోంది.

ఈ ఏబీసీలో ముందు చక్రాలకొకటి, వెనక చక్రాలకొకటి వాల్వ్ బ్లాకులు ఉంటాయి. ఇంజను ఆపాక సిలిండర్లలో ఆయిల్‌ని పట్టి ఉంచే వాల్వులు వాటిలోనే. ఏళ్ల తరబడి ఆయిల్ మార్చకపోతే మురికి చేరి, రబ్బరు సీళ్లు గట్టిపడి, అవి సరిగ్గా మూసుకోవు. స్ట్రట్ లీకయితే తడి కనపడుతుంది. వాల్వ్ లీకయితే కనపడదు, కారు కుంగుతుంది. ఇక డ్రైవింగులో గుంతలకి ఎగిరెగిరి పడుతున్నా, స్టీరింగు సన్నగా అదురుతున్నా అనుమానించాల్సింది నైట్రోజన్ నింపిన అక్యుములేటర్లని. పంపు దెబ్బల్ని మింగాల్సినవి అవి. లోపలి పొర చిరిగితే ఆ దెబ్బలన్నీ హోసుల మీద పడి, ఏదో ఒక రోజు హోసు పగులుతుంది.

ఈ కొలతలు తీసే రోజుల్లోనే జరిగింది అసలు భయపడాల్సిన సంగతి. ఒకరోజు పొద్దున గరాజులోకి వెళ్లేసరికి, పదమూడేళ్ల మా వాడు జారిపోయిన టార్చిలైటు కోసం తల, భుజం కారు కిందికి దూర్చి ఉన్నాడు. నా గొంతు పెగల్లేదు. కాళ్లు పట్టి బయటికి లాగాను. "ఏమైందమ్మా?" అని వాడు నా ముఖంలోకి చూస్తున్నాడు. ఈ కారు బరువు సుమారు నాలుగు వేల పౌండ్లు. దాన్ని పైన నిలబెట్టింది ఒత్తిడిలో ఉన్న ఆయిల్. ఏ వాల్వ్ ఎప్పుడు వదిలేస్తుందో చెప్పలేం. ఆ రోజు నుంచి మా ఇంట్లో రూలు: స్టాండ్ల మీద నిలబెట్టకుండా ఆ కారు కిందికి చెయ్యి కూడా పోకూడదు. అట్ట తోయడానికైనా, లాగడానికైనా చీపురు కర్రే. ఇంజను నడుస్తుండగా లీకుని వేలితో తడిమి చూడటం అసలే వద్దు. ఆ ఒత్తిడికి సన్నటి ధార చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంతే కనపడినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గాయం అది.

నోటుబుక్కు పట్టుకుని, పాత జర్మన్ కార్లే చూసే ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్లాం. ఆయన నవ్వలేదు. పేజీలు తిప్పి, కంపెనీ వాళ్లు వాడే స్టార్ డయాగ్నోసిస్ యంత్రం తగిలించి చూశాడు. మన దగ్గరుండే చవక స్కానర్లు చాలావరకు ఇంజను సంగతే చెబుతాయి, ఏబీసీ దాకా పోవు. ముందు వాల్వ్ బ్లాకు విప్పి సీళ్లు మార్చాడు, ఒక అక్యుములేటరు మార్చాడు, ఫిల్టరు మార్చాడు. ఆ యంత్రంతోనే కారుని పైకీ కిందికీ ఆడిస్తూ పాత ఆయిల్ అంతా కడిగేశాడు. దాన్ని 'రోడియో' అంటారట. గుర్రం ఎగిరినట్టే ఉంటుంది మరి! పాత ఆయిల్ నల్లగా కాఫీ డికాషన్‌లా వచ్చింది. కొత్తది పెంటోసిన్ సీహెచ్‌ఎఫ్ 11ఎస్, లేత ఆకుపచ్చ. దీని బదులు ఏదో స్టీరింగ్ ఆయిల్ పోస్తే కొత్త జబ్బు కొని తెచ్చుకున్నట్టే. మొత్తం పద్దెనిమిది వందలయింది. స్ట్రట్లూ పంపూ పాతవే, నేటికీ బాగున్నాయి.

తప్పు కారుది కాదు. ముందు యజమాని ఆయిల్ మార్పించలేదు, కొనేటప్పుడు సర్వీసు కాగితాలు మేం అడగలేదు. ఇలాంటివి చవగ్గా దొరికితే కొనేవాళ్లకి నా మాట: ఏనుగు ధర తగ్గినా మేత ధర తగ్గదు. ముందు రోజు రాత్రి నుంచి ఆపి ఉంచమని చెప్పి, పొద్దున స్టార్ట్ చేయకముందే వెళ్లి చూడండి. కొన్న ధరలో సగమైనా రిపేర్లకి పక్కన పెట్టలేకపోతే వదిలేయండి. డాష్‌బోర్డులో వర్క్‌షాపుకి వెళ్లమని తెల్లగా వస్తే వీలు చూసుకుని వెళ్లొచ్చు. ఎర్రగా ఆగమని వస్తే ఆగి, ఇంజను ఆపి, లారీ మీద ఎక్కించి పంపండి. ఆయిల్ లేకుండా నాలుగు మైళ్లు నడిపితే పంపు పోతుంది.

"ఇదంతా పీకేసి మామూలు స్ప్రింగులు వేయించుకోండి" అనేవాళ్లూ ఉన్నారు. అలాంటి కిట్లు దొరుకుతాయి, తాహతుని బట్టి అదీ ఒక దారే. కానీ ఒకటి గుర్తుంచుకోవాలి. మలుపుల్లో ఒరగకుండా ఆపే కడ్డీలు ఈ కారులో మొదటి నుంచీ లేవు, ఆ పని ఏబీసీయే చేసేది. అది తీసేస్తే మలుపులో కారు బాగా ఒరుగుతుంది. ఆ సంగతి తెలిసి వేయించుకుంటే సరే.

అమ్మాయి కాలేజీలో చేరింది. నోటుబుక్కు గరాజులో మేకుకి వేలాడుతోంది. మొదటి ఆదివారం రాత్రి కొలత, సోమవారం పొద్దున కొలత, నెలకి ఒక్కసారి చాలు. కిందటి నెల నేను మరిచిపోతే మావారే టేపు అడిగి తీసుకెళ్లి కొలిచి రాశారు. తిరిగి కుట్టుపెట్టెలో మాత్రం పెట్టలేదనుకోండి.