రూకకు భోజనం

క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంట ఒక్క రూకకు దొరికే భోజనాన్ని పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు నోరూరేది. సన్నన్నం, గోధుమపిండివంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు! ఊరికి వచ్చిన పరదేశికి నగరం చేయవలసిన తొలి మర్యాద అది.

2019లో యునెస్కో హైదరాబాదును పాకకళానగరంగా గుర్తించింది. సంతోషమే. అయితే 2008లో ఆరంభమైన శంషాబాదు విమానాశ్రయం వెలుపల, గల్ఫుకు పోయే కొడుకును సాగనంపవచ్చిన తల్లి సద్దిమూట విప్పుకొని కూర్చున్న దృశ్యాన్ని మీరూ చూసే ఉంటారు. అక్కడి అంగళ్ళ ధరలు ఆమెకు అందేవి కావు. నా బంధువులకైతే, శంషాబాదు ఊళ్ళోకి వెళ్ళి బండి దగ్గర వేడి ఇడ్లీ, పల్లీచట్నీ తినిరమ్మని చెబుతాను. పెట్టెలు మోసుకుంటూ, గడియారం చూసుకుంటూ ఉన్నవారు ఎలా వెళ్ళగలరు?

ఇది సాధ్యం కాదనడానికి లేదు. 2024 డిసెంబరులో కోల్‌కతా విమానాశ్రయంలో ఉడాన్ యాత్రీ కేఫ్ తెరచి పది రూపాయలకు తేనీరు, ఇరవైకి సమోసా పెట్టారు. (తెరిపించిన మంత్రి రామ్మోహన్ నాయుడు మన తెలుగువాడే!) హైదరాబాదు నగరంలోనూ 2014లోనే అయిదు రూపాయల భోజనం మొదలయింది. శంషాబాదులో మాత్రం తేనీటితో, సమోసాతో సరిపెట్టరాదు. సాగనంపవచ్చినవారు కూర్చునే చోటనే పప్పు, పచ్చడి, పెరుగుతో అన్నం పెట్టాలి. రూకకు కాకపోయినా, యాభై రూపాయలకు.