మా మాట: వృద్ధవనితల నెయ్యము

ప్రతి సంవత్సరమును దేశదేశముల ప్రతినిధులు ఒకచోట గుమిగూడి, భూమి వేడెక్కుటను గూర్చి చర్చించుచుండుట మన సోదరీమణు లెరిగినదే. 1992లో రయో, 1997లో క్యోటో, 2015లో పారిసు. ఈ పేర్లతో మన కేమి పనియని యడుగువారు పెక్కురు. ఆ సంబంధమును దెలుపు వృత్తాంతము నొకదానిని ఈ మాసము విన్నవించుచున్నాము.

భూమి వేడిమి యంత్రయుగమునకు పూర్వమున్న దానికంటె 2 డిగ్రీలకు చాల లోపుననే యుండవలెననియు, 1.5 డిగ్రీలు దాటకుండ యత్నింపవలెననియు పారిసునందు ప్రభుత్వములు సమ్మతించినవి. కాని యే దేశ మెంత పొగ తగ్గించునో ఆ దేశమే చెప్పుకొనవలెను. చెప్పినట్లు చేయనిచో దండనము లేదు. చందాపట్టీలో పేరు వ్రాయించి సొమ్ము చెల్లింపని పెద్దమనుష్యులను మన మెరుగమా?

2016లో స్విట్జర్లండు వృద్ధస్త్రీలు కొందరు ఒక సంఘముగా నేర్పడిరి. నేడు వారు 2,000 మందికి మించియున్నారు. ముదిమియందు దేహమునకు వేడిని వెలిపుచ్చు శక్తి తగ్గును. దాహమును సరిగా దెలియదు. కావున వడగాడ్పులకు తామే ముందు బలియగుచున్నామనియు, ప్రభుత్వము చాలినంత చేయుటలేదనియు వారు వ్యాజ్యము తెచ్చిరి. స్వదేశపు అత్యున్నత న్యాయస్థానము 2020లో వారి మొర నాలకింపలేదు. వారు స్ట్రాసుబర్గులోని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానమునకు బోయిరి. 2024 ఏప్రిలు 9వ తేదీన 17గురు న్యాయాధిపతులలో 16గురు, వారి హక్కునకు భంగము కలిగినదని తీర్పు చెప్పిరి.

ఇందొక విశేషము గలదు. సంఘముతోపాటు నలుగురు స్త్రీలు విడిగాను మొరపెట్టుకొనిరి. వారిలో నొకరు తీర్పు వినకయే కన్నుమూసిరి. ఆ నలుగురి యర్జీలు చెల్లవని త్రోసివేసి, సంఘము యర్జీనే న్యాయస్థానము స్వీకరించెను. ఒంటరిగా చెల్లని మాట పదుగురి నోట చెల్లినది. అయినను, 2024 జూనులో ఆ దేశపు పార్లమెంటు, ఇప్పుడు చేయుచున్నది చాలునని తీర్మానించినది. కావున పోరు ముగియలేదు.

ఆ యెండ మనకు దూరముది కాదు. పారిసు ఒడంబడిక కుదిరిన 2015వ సంవత్సరముననే, మే నెలలో, ఆంధ్ర తెలంగాణములందు వడదెబ్బచే వేయిమందికి పైగా మరణించిరి. అట్టి దినములలో ఒంటరిగానున్న వృద్ధురాలు సొమ్మసిల్లినచో చూచు దిక్కెవరు?

అత్తగారు సాయంకాలము నేస్తురాలి యింటికి బయలుదేరినచో, ‘ఈ వయస్సున కబుర్లేల?’ యని కోడండ్రు విసుగుకొందురు. అది తగదని మా యభిప్రాయము. పెనిమిటి గతించి, బిడ్డలు దూరదేశములకు బోయిన పిమ్మట, ‘ఈ దినము కనబడలేదేమి?’ యని వెదకుకొని వచ్చునది యా నేస్తురాలే. పెద్దలకు వారి చెలిమిని మిగులనిండు. నడివేసవి మధ్యాహ్నమున పొరుగింటి తలుపు తట్టి, ‘పిన్నిగారూ, మజ్జిగ పుచ్చుకొంటిరా?’ యని యడుగుడు. దానికి ఏ ఒడంబడికయు కుదురనక్కరలేదు.