కాటా వేరు, కమీషన్ వేరు

గుంటూరు బ్రాడీపేటలో నాది సెల్‌ఫోన్ సర్వీసు షాపు. డిస్‌ప్లేలు, బ్యాటరీలు, చార్జింగ్ పిన్నులు మార్చడం మా పని. ఈమధ్య ఇంకో రకం ఫోన్లు ఎక్కువగా వస్తున్నాయి. వాటిలో ఏ భాగమూ చెడిపోయి ఉండదు, పోయింది బ్యాంకులో డబ్బు. వాట్సాప్‌లో తెలిసినవాళ్ల నంబరు నుంచే ‘పీఎం కిసాన్’ అనో ‘ఆర్టీవో చలాన్’ అనో యాప్ వేసే ఏపీకే ఫైలొకటి వస్తుంది. నొక్కుతారు. ఫోన్ ఒకసారి హెచ్చరిస్తుంది, చదవకుండానే ఓకే కొడతారు. మెసేజీలు చదువుతానని యాప్ అడుగుతుంది, దానికీ ఓకే. ఇక ఆ ఫోన్‌కు వచ్చే ప్రతి ఓటీపీ దొంగకు కూడా అందుతుంది.

ఇలాంటి ఫోన్లు చూస్తూ కూడా నేనంటున్నది ఒకటే. ఆండ్రాయిడ్‌లో బయటి నుంచి యాప్ వేసుకునే దారి మూసెయ్యకూడదు, ఐఫోన్‌లో ఆ దారి తెరవాలి. మా వీధిలో తోటి షాపులవాళ్లే దీనికి ఒప్పుకోరు. “రోజూ జనం చేత సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయించేది నువ్వే. నువ్వే ఇట్టా అంటే ఎట్టా అన్నా?” అంటారు.

వాళ్ల మాటలో బలం ఉంది. బయటి చోట్ల దించుకున్న యాప్‌లలో మాల్‌వేర్ ప్లే స్టోర్‌లో కంటే 50 రెట్లకు పైగా ఎక్కువ కనిపించిందని 2025 ఆగస్టులో గూగుల్ చెప్పింది. అది ఆ కంపెనీ సొంత లెక్కే అయినా, నా బల్ల మీదికొచ్చే ఫోన్లు చూశాక కొట్టిపారెయ్యలేను. ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మిర్చి అమ్మిన డబ్బు ఇట్లాగే పోగొట్టుకున్నాడు. “బాబూ, ఆ ఫైలు మా అల్లుడి నంబరు నుంచే వచ్చింది గదా” అని మళ్లీ మళ్లీ అడిగాడు. అల్లుడి వాట్సాప్ అప్పటికే దొంగల చేతిలో ఉందని ఆయనకు నచ్చచెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆయన ఫోన్‌లో వాట్సాప్ నుంచి యాప్‌లు వేసే అనుమతి ఆపేసి, 1930కి ఫిర్యాదు చేయించి, బ్యాంకుకు పంపాను.

కానీ ఆయన్ని కాపాడగలిగేది ఏది అన్న ప్రశ్న దగ్గర నేను తోటివాళ్లతో విడిపోతాను. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి బయటి యాప్‌లకు ఫోన్ మొత్తానికీ ఒకే స్విచ్ లేదు. వాట్సాప్‌కు వేరే అనుమతి, క్రోమ్‌కు వేరే అనుమతి. ఆండ్రాయిడ్ 13లో ఇంకో అడుగు వేశారు. ఫైలుగా దిగిన యాప్‌కు నోటిఫికేషన్లు చదివే అధికారం, తెరను నడిపే యాక్సెసిబిలిటీ అధికారం ఒక్క నొక్కుతో దొరకవు. ఇలాంటి ప్రమాదకరమైన అనుమతులు అడిగే బయటి యాప్‌లను ఫోన్‌లోని గూగుల్ భద్రతా వ్యవస్థ ప్లే ప్రొటెక్ట్ అసలు వేయనివ్వకుండా ఆపుతుందని 2024 అక్టోబరులో గూగుల్ మన దేశంలో ప్రకటించింది. ఇదంతా ఫోన్ లోపల జరిగే పని. పెద్దాయన ఫోన్ పాతది కాకపోయి ఉంటే, అప్‌డేట్లు అందుతూ ఉంటే, ఆయన డబ్బు మిగిలే అవకాశం ఉండేది. పదివేల రూపాయల ఫోన్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇవ్వాలో ప్రభుత్వం నిర్ణయిస్తే మా దగ్గరికొచ్చే ఇలాంటి కేసులు చాలా తగ్గుతాయని నా నమ్మకం.

స్టోర్‌లో ఉన్నదల్లా భద్రమనే మాట తెలుగువాళ్లకు చెప్పడం కష్టం. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులు భరించలేక తెలంగాణలో మనుషులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులన్నీ లాక్కుని బంధువులకు, ఆఫీసువాళ్లకు బూతు మెసేజీలు పంపాయి. వాటిలో చాలా యాప్‌లు ప్లే స్టోర్‌లోనే దొరికాయి. రిజర్వు బ్యాంకు నియమించిన బృందం 2021 మొదటి రెండు నెలల్లో 80కి పైగా యాప్ స్టోర్లు గాలిస్తే సుమారు 1,100 లోన్ యాప్‌లు కనిపించాయి, అందులో 600 అక్రమమైనవి. చిన్న స్టోర్లు ఏమీ మెరుగు కావన్నది అందులోనే తేలింది. తర్వాత 2022 సెప్టెంబరు నుంచి 2023 ఆగస్టు వరకు గూగుల్ 2,200కు పైగా లోన్ యాప్‌లను ప్లే స్టోర్ నుంచి తీసేసిందని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. తీసేసినందుకు సంతోషమే. అన్ని యాప్‌లూ తనిఖీ దాటుకునే లోపలికి వచ్చాయన్నది కూడా మర్చిపోకూడదు.

మా ఊరి మిర్చి యార్డు చూసినవాళ్లకు ఇంకో సంగతి సులువుగా అర్థమవుతుంది. రైతు మిర్చి టిక్కీలు తెస్తాడు, కమీషన్ ఏజెంటు అమ్మిపెట్టి తన కమీషన్ తీసుకుంటాడు. అయితే కాటాకు ముద్ర వేసేది ఏజెంటు కాదు, తూనికలు కొలతల శాఖ. కాటా, కమీషన్ ఒక్కడి చేతిలోనే పెట్టి, ఆ యార్డు తప్ప ఇంకెక్కడా అమ్మకూడదంటే మా జిల్లా రైతు ఒక్కరోజు ఊరుకోడు. యాప్ స్టోర్లలో జరుగుతున్నది అదే. యాప్ మంచిదో చెడ్డదో తేల్చేది, అమ్మకంలో వాటా తీసుకునేది, పోటీ యాప్ తయారుచేసేది ఒకే కంపెనీ.

ఆ వాటా చిన్నదేం కాదు. బిర్యానీ తెప్పించుకుంటే, ఆటో బుక్ చేసుకుంటే స్టోర్‌కు ఏమీ ఇవ్వక్కర్లేదు. ఆటలో ఏదైనా కొంటే, యాప్‌లో పాఠాలకో ఆడియో కథలకో చందా కడితే మాత్రం కమీషన్ పడుతుంది. ఎక్కువలో ఎక్కువ నూటికి 30. ఏడాదికి పది లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు 15, ప్లే స్టోర్‌లో చందాలకు కూడా 15. వేరే చెల్లింపు పద్ధతి పెట్టుకోవచ్చని గూగుల్ మన దేశంలో వెసులుబాటు ఇచ్చింది గానీ, దానివల్ల తగ్గేది నాలుగే. 15 ఉన్నచోట 11, 30 ఉన్నచోట 26. మా షాపులో గ్లాసు అతికించుకున్నవాళ్లు యూపీఐతో డబ్బిస్తే నాకు ఒక్క పైసా తగ్గదు. అదే యూపీఐతో ఆడియో కథల చందా కడితే, డబ్బు గూగుల్ చేతుల మీదుగా పోకపోయినా వందకు 11 రూపాయలు గూగుల్‌కు చేరాలి. సర్వర్లు నడపడానికి, తనిఖీకి ఖర్చవుతుంది, నిజమే. ఆ ఖర్చు ఎంతో చెప్పి రుసుము తీసుకోమనండి, ఎవరూ కాదనరు.

కట్టనివాళ్లకు ఏం జరుగుతుందో 2024 మార్చి 1న చూశాం. భారత్ మాట్రిమొనీ, షాదీ, నౌక్రీ, 99 ఏకర్స్, కుకు ఎఫ్ఎం వంటి యాప్‌లను గూగుల్ ప్లే స్టోర్ నుంచి తీసేసింది. కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ కల్పించుకున్నాక కొద్దిరోజుల్లోనే మళ్లీ పెట్టింది. మంత్రి పలికినందుకు ఆ యాప్‌లు బతికాయి. మంగళగిరిలో ఇద్దరు కుర్రాళ్లు కలిసి చేసిన యాప్‌ను తీసేస్తే ఏ మంత్రి పలుకుతాడు?

మన దగ్గర దీని మీద పోరాటం జరగలేదని కాదు. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు వారం తిరక్కుండా రెండు జరిమానాలు వేసింది. ఆండ్రాయిడ్ షరతుల మీద 1,337.76 కోట్లు, ప్లే స్టోర్ చెల్లింపుల మీద 936.44 కోట్లు. అప్పిలేట్ ట్రిబ్యునల్ మొదటిదాన్ని 2023 మార్చిలో ఖాయం చేసింది గానీ, ఆదేశాల్లో కీలకమైన కొన్నింటిని కొట్టేసింది. ప్లే స్టోర్ ద్వారానే వేరే స్టోర్లు దొరకాలన్నది, బయటి నుంచి యాప్ వేసుకోవడానికి అడ్డుపడకూడదన్నది అందులోనే పోయాయి. రెండో జరిమానా 2025 మార్చిలో 216.69 కోట్లకు తగ్గింది. గూగుల్‌కు జరిమానా మొత్తం పెద్ద లెక్కేం కాదు. పోయిన ఆ ఆదేశాలే నాకు బాధ.

ఎందుకో చెబుతాను. 2024 ఫిబ్రవరిలో ఫోన్‌పే సంస్థ ఇండస్ యాప్‌స్టోర్ తెచ్చింది. తెలుగు సహా 12 భారతీయ భాషల్లో ఉంటుంది, వేరే చెల్లింపు పద్ధతి వాడుకునేవాళ్ల దగ్గర కమీషన్ తీసుకోదు. ఫోన్‌పే వాల్‌మార్ట్ చేతిలోని పెద్ద సంస్థ, ధర్మానికి పెట్టింది కాదు. అయినా పోటీ పోటీయే. ఫోన్‌లో ముందే వేసి ఉంటే సరి, లేకపోతే ఆ స్టోర్‌ను వెబ్‌సైట్ నుంచి ఏపీకేగా దించుకోవాలి. అప్పుడు వచ్చే హెచ్చరిక, దొంగ ‘పీఎం కిసాన్’ ఫైలుకు వచ్చే హెచ్చరిక దాదాపు ఒకటే. రిజిస్టరైన కంపెనీ పెట్టిన స్టోర్‌నూ దొంగ పంపిన ఫైలునూ ఫోన్ ఒకేలా చూపిస్తే, జనం హెచ్చరికలనే పట్టించుకోవడం మానేస్తారు. పెద్దాయన ఓకే కొట్టింది అట్లాంటి అలవాటుతోనే.

ఆపిల్ దారి ఇంకా ఇరుకు. మన దేశంలో ఐఫోన్‌కు ఆపిల్ స్టోర్ తప్ప వేరే స్టోర్ లేదు. భద్రత కోసమే అంటారు. మరి అదే కంపెనీ మ్యాక్ కంప్యూటర్‌లో ఏ వెబ్‌సైట్ నుంచైనా సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చు. ఆపిల్ ముందుగా దాన్ని మాల్‌వేర్ కోసం పరీక్షించి ముద్ర వేస్తుంది, అమ్మకంలో వాటా అడగదు. 2021 మేలో ఎపిక్ గేమ్స్ కంపెనీ ఆపిల్ మీద వేసిన కేసులో ఆపిల్ సాఫ్ట్‌వేర్ అధిపతి క్రెయిగ్ ఫెడెరిగీ, మ్యాక్‌లో మాల్‌వేర్ తాము ఒప్పుకోలేని స్థాయిలో ఉందని సాక్ష్యం చెప్పాడు. ఆ మాట అన్నాక కూడా మ్యాక్‌ను మూసెయ్యలేదు. యూరప్‌లో చట్టం వచ్చాక 2024 మార్చి నుంచి ఐఫోన్‌లోనూ వేరే స్టోర్లు వచ్చాయి, వాటిలోని యాప్‌లకూ ఆపిల్ పరీక్ష ఉంది. కాటా, కమీషన్ విడదీయడం కుదురుతుందని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అమెరికాలో అయితే బయట కొనుక్కునే లింకు పెట్టనివ్వమని కోర్టు చెబితే, ఆ లింకు మీద కూడా ఆపిల్ 27 శాతం వేసింది. కావాలనే ఆదేశాన్ని ధిక్కరించారని 2025 ఏప్రిల్‌లో జడ్జి తేల్చారు.

ఇప్పుడు ఆండ్రాయిడ్ కూడా అటువైపే జరుగుతోంది. 2026 సెప్టెంబరు నుంచి బ్రెజిల్, ఇండొనేసియా, సింగపూర్, థాయిలాండ్‌లలో, ఆపైన 2027 నుంచి మిగతా ప్రపంచంలో, ఏ స్టోర్‌లో పెట్టినా సరే యాప్ తయారుచేసినవాళ్లు గూగుల్ దగ్గర పేరు, గుర్తింపు నమోదు చేసుకోవాలని ఆ కంపెనీ ప్రకటించింది. విద్యార్థులకు సులువైన ఖాతా ఇస్తామంది. గొడవ లేచాక, ఫోన్ల సంగతి బాగా తెలిసినవాళ్లు హెచ్చరికలు దాటి వేసుకునే మార్గమొకటి ఉంచుతామనీ అంది. ఎఫ్-డ్రాయిడ్ అని 2010 నుంచి నడుస్తున్న స్టోర్ ఉంది. సోర్స్ కోడ్ బయటపెట్టిన యాప్‌లనే తీసుకుని, ఆ కోడ్ నుంచి తామే తయారుచేసి ఇస్తుంది. ఈ నిబంధన వస్తే తాము మూసుకోవాల్సిందేనని వాళ్లు మొత్తుకుంటున్నారు. యాప్ వెనక మనిషెవరో తెలియాలన్నది నాకూ ఇష్టమే. ఆ రిజిస్టరు గూగుల్ చేతిలో ఎందుకుండాలి? ఒకే చేతిలో ఉన్నదాన్ని లాక్కోవడం ప్రభుత్వాలకు సులువు. 2021 సెప్టెంబరులో రష్యా ఒత్తిడికి ఆపిల్, గూగుల్ రెండూ ప్రతిపక్ష నేత నావల్నీ ఓటింగ్ యాప్‌ను తీసేశాయి. ఆండ్రాయిడ్ వాడేవాళ్లు దాన్ని బయటి నుంచైనా వేసుకోగలిగారు, ఐఫోన్‌వాళ్లకు ఆ దారి లేదు.

డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా 2024 మార్చిలో బయటికొచ్చింది. వాడుకదారు బయటి యాప్‌లు వేసుకోవడాన్ని పెద్ద కంపెనీలు అడ్డుకోకూడదని అందులో రాసి ఉంది. ఆ బిల్లు కంపెనీ వ్యవహారాల శాఖది, నిజమే. అయినా కమ్యూనికేషన్ల శాఖ సహాయమంత్రి పెమ్మసాని చంద్రశేఖర్ మా గుంటూరు ఎంపీయే. ఆయన్ని ఒక ఓటరుగా అడుగుతున్నాను. కమిషన్ ఆదేశాల తర్వాత 2023లో గూగుల్ కొత్త ఫోన్లలో సెర్చ్ ఇంజిన్ ఎంచుకునే తెర పెట్టడానికి ఒప్పుకుంది. స్టోర్ ఎంచుకోవడానికీ అలాంటి తెర పెట్టించండి, అన్ని స్టోర్లకూ ఒకే తనిఖీ ప్రమాణం రాయించండి. ఆ ప్రమాణం పాటించే స్టోర్‌కు దొంగ ఫైలుకిచ్చే హెచ్చరిక ఇవ్వకుండా చూడండి. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకేకు మాత్రం, ఎస్సెమ్మెస్ అనుమతి అడిగిన క్షణంలోనే అచ్చ తెలుగులో పెద్ద అక్షరాలతో, “ఇది మీ ఓటీపీలు చదువుతుంది” అని కనపడాలి.