పూజకు పేడ, పాదుకు పనికిరాదా?

సంక్రాంతినాడు వాకిట గొబ్బెమ్మలుంచి పసుపుకుంకుమలతో పూజించు గృహిణియే, ఆ పేడను మేడమీది వంగపాదునకు వేయుమన్నచో ముక్కు మూసికొనుచున్నది. చలనచిత్ర పరిశ్రమకు నిలయములైన జూబ్లీహిల్సు, ఫిలింనగరులయందు మే మీ విపరీతమును పలుమాఱు చూచుచున్నాము. పూజకు పవిత్రమైనది పైరునకెట్లు హేయమయ్యెనో పెద్దలే చెప్పవలయును.

ఇవి రాతిగుట్టలను తొలిచి కట్టిన వాడలు. 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి వనమున ఆ బండలు నేటికిని కానవచ్చును. బండమీది మట్టి పలుచన. లారీలలో వచ్చి కుండీలలో పడు ఎఱ్ఱమట్టిలో సారము స్వల్పము. దానికి ప్రాణము పోయునది మాగిన పశువుల ఎరువే. ఎరువులో నత్రజని నూటికి సుమారు అరపాలు మాత్రమే గదా, యూరియాలో 46 పాళ్లున్నదే యని పరిహసించువారు కలరు. నిజమే. కాని యూరియా మొక్కకు మేత పెట్టునేకాని మట్టిని పోషింపదు. ఎరువు మట్టిని గుల్లచేయును, వానపాములకు తిండియగును, నీటిని పట్టియుంచును. వేసవియెండలో ఉదయము తడిపిన కుండీ మధ్యాహ్నమునకే ఎండిపోవు మేడలమీద ఈ కడపటి గుణమొక్కటియే చాలదా?

గొఱ్ఱెల మందను రాత్రులు చేనిలో నిలిపించుకొని కాపరికి ప్రతిఫలమిచ్చు మన రైతు, ఈ రహస్యమును ఏ కళాశాలలోను నేర్చికొనలేదు. ఆల్బర్టు హోవర్డు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1924 మొదలు 1931 వఱకు ఇండోరునందు పనిచేసి, చెత్తను పేడతో పొరలు పొరలుగా పేర్చి, తడిపి, త్రిప్పి, సుమారు మూడు నెలలలో ఎరువుగా మార్చు పద్ధతిని లోకమునకు చాటెను. ఈ దేశపు రైతులే తనకాచార్యులని యతడు చెప్పుకొనెను. ఆ వినయము మన పట్టభద్రులకు ఎన్నడు వచ్చునో!

ఇక రెండవ తెగవారు. వీరికి పేడయన్న భక్తి మెండు. ప్రకృతి సేద్యము పేర పచ్చిపేడనే తెచ్చి కొత్తిమీరమడిలో కుమ్మరింతురు. పచ్చి యెరువు, అందును కోళ్లపెంట, లేతవేళ్లను మాడ్చును; పచ్చిపేడలోని కలుపువిత్తనములు మొలచును; ఈ.కోలై, సాల్మొనెల్లా వంటి క్రిములు పచ్చిగా తిను ఆకును చేరును. నేలను తాకు పంటను పచ్చి యెరువు వేసిన 120 దినములలోపలను, తాకని పంటను 90 దినములలోపలను కోయరాదని అమెరికా సేంద్రియ నిబంధనలు శాసించుచున్నవి. ఆవు పూజ్యురాలైనంతమాత్రమున దాని పేడలోని క్రిమి పూజ్యము కాదు.

అయినను మా యసలు కోపము వేఱొకచోట నున్నది. 2019లో ‘మహర్షి’ చిత్రము చూచి సేద్యమును కీర్తించినవారెందఱో! 2020 లాక్‌డౌనులో నటి సమంత మేడమీద కూరగాయలు పెంచి చూపగా మెచ్చుకొనినవారెందఱో! మెచ్చుటకు ఖర్చులేదు. ఎరువుబస్తాను మూడంతస్తులు మోసి, చేతులతో చిదిమి, మట్టిలో కలుపునది ఎవరు? ఫిలింనగరు బస్తీనుండి వచ్చు పనిమనిషి. ఆమె చేయి పెంటలో పడినదని గ్లాసు వేఱుగా పెట్టి, వంటయింటి గడప దాటనీయక, ఆ చేతులు పండించిన టమాటాను మాత్రము వెండికంచములో వడ్డించుకొను గృహములు లేవా? 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసెను. అది యా మేడమెట్లెక్కుటకు ఇంకెంతకాలము కావలయును?

గృహస్థులారా! ఈ మాసమే యొక డబ్బా తెచ్చి, వంటింటి తొక్కలను, ఎండుటాకులను, పేడను మీ చేతులతో పేర్చుడు. చిన్నడబ్బా కుప్పవలె వేడెక్కదు. కావున తొందరపడక, నల్లబడి మట్టివాసన వచ్చిన పిమ్మటను మఱికొన్ని నెలలు మాగనియ్యుడు. ఆ పనిని ఇంకొకరిచే చేయింతురేని దానికి వేఱుగా కూలియు, చేతితొడుగులును, సబ్బును ఇయ్యుడు. పండిన కూరలో పాలు పెట్టుడు. దాహమడిగినప్పుడు మీరు త్రాగు గ్లాసుతోనే నీరియ్యుడు.